భూమి అడిగేవారిని నీళ్ల లెక్క అడగాలి

మార్కాపురం అనగానే నలభై దాటిన తెలుగువాళ్లకు పలక గుర్తొస్తుంది. చుట్టూ చెక్క చట్రం, మధ్యలో నల్లరాయి, పక్కన బలపం. మార్కాపురం, తర్లుపాడు చుట్టుపక్కల గనుల్లో తవ్విన రాయి మీద ఎన్ని రాష్ట్రాల పిల్లలు ఓనమాలు దిద్దారో లెక్కలేదు. భూగర్భ శాస్త్రంలో దీన్ని కంభం శ్రేణి రాయి అంటారు. వయసు వంద కోట్ల ఏళ్లకు పైమాటే. దిమ్మెను నిలబెట్టి, సన్నటి ఉలి మొనను అంచుకు ఆనించి, సుత్తితో పైపైన తడుతూ పోతే పుస్తకంలో పేజీలు విడినట్టు పొరలు పొరలుగా విడిపోతుంది. గట్టిగా కొడితే పగిలిపోతుంది, మరీ మెత్తగా కొడితే విడదు. ఎంత బలం పెట్టాలో ఏళ్ల తరబడి ఆ పని చేసిన చేతికే తెలుసు.

ఆ పరిశ్రమ ఇప్పటికీ ఉంది. గోడలకు అతికించే రాళ్లు, నేలకు పరిచే పలకరాళ్లు ఇక్కణ్ణుంచి విదేశాలకూ వెళ్తున్నాయి. బడిపిల్లల పలక మాత్రం నోటు పుస్తకానికీ ప్లాస్టిక్ పలకకూ చోటిచ్చి తప్పుకుంది. మార్పు ఒక్క రాత్రిలో రాలేదు, ఏళ్లకేళ్లు కళ్లముందే జరిగింది. చదువు ఎటు పోతోంది, ఈ చేతి నేర్పును దేనివైపు మళ్లించాలి అని ముందుగా కూర్చుని ఆలోచించే పని ప్రభుత్వం చేయలేదు, వ్యాపారులూ చేయలేదు. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ఆన్‌లైన్ చదువుల సంస్థ బైజూస్ పాఠాలు నింపిన ట్యాబులు పంచింది. 2024 జులై వచ్చేసరికి బైజూస్ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. రాతిపలక స్థానంలోకి వచ్చిన గాజుపలక ఎక్కడో తయారైంది, అందులోని పాఠం ఇంకెక్కడో తయారైంది. దేశానికి పలకలు పంపిన ఊరికి ఆ వ్యాపారంలో పిసరంత వాటా దక్కలేదు.

పలకల పరిశ్రమ బాగా నడిచిన రోజుల్లోనూ ఊరికి మిగిలిందంతా మేలే అనడానికి లేదు. రాయి కోసే చోట లేచే ధూళి కార్మికుల ఊపిరితిత్తుల్లోకి పోయింది. బడికి పోవలసిన వయసులో పలకల పనికి కుదిరిన పిల్లల గురించి పరిశోధకులు రాసి పెట్టారు. రాబడి ఎవరి చేతికి వెళ్తోంది, ఖర్చు ఎవరి ఒంటి మీద పడుతోంది అన్న ప్రశ్న అప్పుడు గట్టిగా వేసినవారు తక్కువ. ఇప్పుడు వేయాల్సిన అవసరం వచ్చింది. ఎందుకంటే మార్కాపురం ఉన్న పశ్చిమ ప్రకాశానికి కొత్త వ్యాపారాలు కట్టకట్టుకుని వస్తున్నాయి. అవన్నీ ముందుగా అడిగేది భూమినే.

2025 ఏప్రిల్ 2న పీసీపల్లి మండలం దివాకరపల్లిలో రిలయన్స్ సంస్థ కంప్రెస్డ్ బయోగ్యాస్ ప్లాంటుకు మంత్రి నారా లోకేశ్ శంకుస్థాపన చేశారు. రాష్ట్రంలో 65 వేల కోట్ల రూపాయల పెట్టుబడితో ఇలాంటివి 500 పెడతామని ఆ సంస్థ 2024 నవంబరులో ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. అంటే ఒక్కో ప్లాంటుకు సగటున 130 కోట్లు. బంజరు భూముల్లో నేపియర్ గడ్డి పెంచుతారు. దాన్ని ముక్కలు చేసి గాలి చొరబడని పెద్ద పెద్ద తొట్లలోకి తోస్తే లోపలి సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి వాయువుగా మారుస్తాయి. అందులోంచి బొగ్గుపులుసు వాయువును తీసేస్తే తొంభై శాతానికి పైగా మీథేన్ మిగులుతుంది. దాన్ని ఒత్తిడితో సిలిండర్లలోకి ఎక్కిస్తే సీఎన్‌జీ బండ్లకూ పొయ్యిలకూ పనికొస్తుంది. అడుగున మిగిలిన మడ్డి సేంద్రియ ఎరువు.

ఈ వ్యాపారానికి గిరాకీ ఉందా అన్న అనుమానం అక్కర్లేదు. నగర గ్యాస్ కంపెనీలు తాము అమ్మే గ్యాసులో బయోగ్యాస్ కలపాలని కేంద్రం నిబంధన పెట్టింది. 2025-26లో ఒక శాతంతో మొదలై 2028-29 నాటికి అది ఐదు శాతానికి చేరాలి. అయితే అనుభవం కూడా ఒకటుంది. 2018 అక్టోబరులో కేంద్రం బయోగ్యాస్ కోసం సతత్ పథకం ప్రారంభించినప్పుడు దేశమంతటా ఐదు వేల ప్లాంట్లు వస్తాయన్నారు. పెట్టుకున్న గడువు దాటినా అందులో కొద్ది భాగమే తేలింది. చాలాచోట్ల ఇబ్బంది ముడిసరుకు దగ్గరే వచ్చింది. ఏడాది పొడవునా, రోజూ, ఒకే తీరుగా గడ్డో చెత్తో పేడో అందాలి. తొట్టి ఒకసారి పస్తు పడితే మళ్లీ దారికి రావడానికి వారాలు పడుతుంది.

నేపియర్ గడ్డి ఇక్కడి పాడి రైతులకు కొత్తది కాదు. గేదెలున్న ఇంట్లో బోరు పక్కన నాలుగు సెంట్లలోనైనా వేసుకుంటారు. నాటిన రెండున్నర నెలలకు మొదటి కోత, ఆ తర్వాత నెలన్నరకోసారి కోత. ఒకసారి నాటితే కొన్నేళ్లు వస్తుంది. బోరు పక్కనే ఎందుకు వేస్తారో కూడా వాళ్లకు తెలుసు. తడి లేకపోతే అది బతుకుతుంది గానీ కోతకు రాదు. ఎండాకాలంలో పది రోజులకో తడి ఇవ్వాల్సిందే. నాలుగు సెంట్ల గడ్డికి సరిపోయే నీళ్లు వేరు, వందల ఎకరాల గడ్డికి కావాల్సిన నీళ్లు వేరు.

మరి ఆ నీళ్లెక్కడివి? కనిగిరి, పీసీపల్లి, పామూరు, సీఎస్ పురం ప్రాంతమంటే రాష్ట్రంలో ఫ్లోరైడ్ బాధ తెలిసినవారందరికీ తెలుసు. తాగే నీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదు. ఆ హద్దు దాటిన నీళ్లు తాగి పళ్లు గారబట్టిన పిల్లలు, కీళ్లు బిగుసుకుపోయి నడుం వంగిన పెద్దలు ఈ ఊళ్లలో ఉన్నారు. బోరు లోతుకు పోయేకొద్దీ ఈ బెడద పెరుగుతుందన్నది వారి అనుభవం. బత్తాయి తోటలకే నీళ్లు చాలక బోరు మీద బోరు వేసి, అప్పుల పాలై, కాపుకొచ్చిన చెట్లను నరుక్కున్న రైతులున్న నేల ఇది. గడ్డి కోసం కొత్త బోర్లు దిగితే పక్క చేను బోరు ఏమవుతుంది, ఊరి తాగునీటి బోరు ఏమవుతుంది అన్నది ఒప్పందంలో మొదటి షరతుగా ఉండాలి. ప్లాంటు వద్దనడానికి ఇది కారణం అనుకోవద్దు. చెరువుల్లో వాననీరు నిలిపి, చుక్కల పద్ధతిలో పారించి, భూగర్భ జల మట్టాన్ని నెల నెలా కొలిచి పంచాయతీ గోడ మీద రాస్తే అదే ప్లాంటు ఊరికి ఆసరా అవుతుంది.

బంజరు అన్న పేరుతో రికార్డుల్లో ఉన్న భూమి నిజంగా ఖాళీగా ఉండదన్నది మరో సంగతి. గొర్రెలు, మేకలు తిరిగేది అక్కడే. మంద ఉన్న ఇంటికి ఆ బీడే బతుకుతెరువు. పట్టా భూమి ఉన్న రైతుకు కౌలు వస్తుంది. పట్టా లేని కాపరికి ఏమొస్తుంది? గడ్డిలో కొంత భాగం మేతకు వదలాలని రాసుకోవచ్చు. అలాగే రైతుకు ఏటా కౌలు డబ్బు చేతిలో పెట్టి పంపేయడం కంటే, చెరకు రైతుకు టన్నుకు ఇంత అని ధర కట్టినట్టు గడ్డికీ టన్ను ధర కట్టి, ఎరువులో వాటా ఇచ్చి, అదంతా రైతు ఉత్పత్తిదారుల సంఘం ద్వారా నడిపితే పొలంతో అతని బంధం తెగిపోదు. కౌలుకిచ్చి హైదరాబాదుకో బెంగళూరుకో బేల్దారి పనికి వెళ్లిపోయిన కుటుంబం పదేళ్ల తర్వాత తిరిగొచ్చి మళ్లీ నాగలి పట్టడం కష్టం.

నీళ్ల మాట ఎత్తితే వెలిగొండ దగ్గరికి రాక తప్పదు. కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు పెట్టుకున్న ఈ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కొండల కింద ఒక్కొక్కటి 18 కిలోమీటర్లకు పైగా పొడవున్న రెండు సొరంగాలు తవ్వారు. 2024 మార్చి 6న వాటిని ప్రారంభించారు. 43.5 టీఎంసీల కృష్ణా వరదనీరు తెచ్చి 4.47 లక్షల ఎకరాలకు సాగునీరు, 15 లక్షల మందికి తాగునీరు ఇవ్వాలన్నది లక్ష్యం. సొరంగం ప్రారంభమైనంత మాత్రాన పొలంలోకి నీళ్లు రావు. మునిగే 11 ఊళ్ల వారికి పునరావాసం ముగియాలి, కాలువల పని పూర్తి కావాలి. శంకుస్థాపన నాడు పుట్టిన పిల్లలు ఇప్పుడు తమ పిల్లల్ని బడిలో వేస్తున్నారు. ఆ నీళ్లు వచ్చే రోజుకు పరిశ్రమలూ పొలాలూ వరుసలో నిలబడి ఉంటాయి. ఎవరికి ఎంత అన్నది ఇప్పుడే, నీళ్లు రాకముందే తేల్చుకోవాలి. వచ్చాక తేల్చుకోవడమంటే బలమున్నవాడికి వదిలేయడమే.

ఈ నేలకు నీటి లెక్క చేతకాదని ఎవరూ అనలేరు. గుండ్లకమ్మ నదికి కొండల నడుమ కట్ట వేసి విజయనగర కాలంలో నిర్మించిన కంభం చెరువు ఇంకా పొలాలను తడుపుతూనే ఉంది. అంతర్జాతీయ సాగునీటి సంస్థ 2020లో దాన్ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది.

రెండో కొత్త రాక దొనకొండకు. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే, మీటరు గేజి రోజుల రైల్వే వైభవం ఉన్న ఊరు. 2014లో రాజధాని ఇక్కడికే వస్తుందన్న ప్రచారంతో భూముల ధరలు కొండెక్కాయి, తర్వాత దిగిపోయాయి. కొన్నవాళ్లలో చేతులు కాల్చుకున్నవాళ్లు ఎక్కువ. ఇప్పుడు రక్షణ పరిశ్రమల విధానంలో దొనకొండకు చోటు దక్కింది. క్షిపణులను నడిపే ఘన ఇంధనం తయారీకి భారత్ డైనమిక్స్ లిమిటెడ్ ఇక్కడ కర్మాగారం పెట్టే ప్రయత్నంలో ఉంది.

ఇలాంటి కర్మాగారానికి భూమి ఎక్కువ కావాలి, మనుషులు తక్కువ కావాలి. భద్రత కోసం ఒక కట్టడానికీ మరో కట్టడానికీ మధ్య చాలా దూరం వదులుతారు. కాబట్టి ఎన్ని ఎకరాలిచ్చామన్న లెక్కతో ఉద్యోగాలను అంచనా వేసుకుంటే నిరాశే మిగులుతుంది. ఉండే కొద్ది ఉద్యోగాలూ నేర్పున్నవి: రసాయన శాస్త్రంలో డిప్లొమా, లోపలి పగుళ్లను ఎక్స్‌రేతో పట్టే నైపుణ్యం, పరికరాల మరమ్మతు, పేలుడు పదార్థాల భద్రత. ఈ చివరి దానికి గిద్దలూరు ప్రాంతంలో మనుషులున్నారు. గిద్దలూరు, రాచర్ల, బేస్తవారిపేట మండలాల నుంచి సైన్యానికి వెళ్లే ఆనవాయితీ తరాలుగా ఉంది. ఆయుధాలతో, ఇంజిన్లతో, సిగ్నల్స్‌తో పదిహేను ఇరవై ఏళ్లు గడిపి నలభై ఏళ్లకే పింఛనుతో ఇంటికొచ్చిన మాజీ సైనికుల్లో చాలామందికి దొరికేది ఏటీఎం దగ్గరో అపార్ట్‌మెంటు గేటు దగ్గరో కాపలా పని. వారికి ఆరు నెలల శిక్షణ ఇస్తే దొనకొండకు కావాల్సిన భద్రతా సిబ్బంది, శిక్షకులు పక్కనే దొరుకుతారు. కర్మాగారం గేటు తెరిచాక మొదలుపెడితే ఆ ఉద్యోగాలు అనుభవమున్న బయటివారికి పోతాయి. ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌లలో కోర్సు మార్చడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఆ పని ఈ విద్యా సంవత్సరంలోనే మొదలు కావాలి.

ఇక కంప్యూటరు పని. 2025 అక్టోబరులో విశాఖలో గూగుల్ 15 బిలియన్ డాలర్ల డేటా కేంద్రం ప్రకటించింది. దాని వల్ల కంభానికి ఏమొస్తుందని అడిగితే నేరుగా వచ్చేది స్వల్పం. కంభం చూడాల్సింది తమిళనాడులోని తెన్‌కాశి వైపు. పడమటి కనుమల కింద, నగరాలకు దూరంగా ఉన్న ఆ ఊరి పక్కన మత్తళంపారైలో జోహో సంస్థ 2011లో కార్యాలయం పెట్టింది. ఇంటరు చదివిన పిల్లలకు సొంత బడిలో జీతమిచ్చి నేర్పి ఉద్యోగాల్లోకి తీసుకుంటోంది. మన దగ్గరా ఒక ప్రయత్నం జరిగింది. సత్యం కంప్యూటర్స్ యజమాని కుటుంబం నడిపిన బైర్రాజు ఫౌండేషన్ 2005 ప్రాంతంలో పశ్చిమ గోదావరి జల్లికాకినాడలో గ్రామీణ బీపీవో మొదలుపెట్టి పల్లెటూరి డిగ్రీ పిల్లలు ఆ పని చేయగలరని చూపింది. సత్యం కుంభకోణం తర్వాత దాని వెనకున్న అండ పోయింది. ఒకే దాత మీద ఆధారపడితే ఏమవుతుందో దాన్నిబట్టి తెలుస్తుంది. రాష్ట్ర ప్రభుత్వం చిన్న ఊళ్లలో కో-వర్కింగ్ కేంద్రాలకు ప్రోత్సాహమిస్తానంటోంది. గిద్దలూరులో అలాంటిది నిలబడాలంటే ఫైబర్ కనెక్షన్, కోత లేని కరెంటు ఉండాలి. అంతకంటే ముందు పని తెచ్చే ఒక్క కంపెనీ అయినా ఉండాలి. ఈ నేల నుంచి వెళ్లి హైదరాబాదులోనూ అమెరికాలోనూ సాఫ్ట్‌వేర్ సంస్థల్లో పెద్ద కుర్చీల్లో కూర్చున్నవారు ఉన్నారు. ఊళ్లో గుడి కట్టించడానికి చందా పంపే వారిని పది మందికి పని పంపమని అడగడంలో తప్పేమీ లేదు.

1970లో ప్రకాశం జిల్లా పుట్టినప్పుడు మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లా నుంచి వచ్చి చేరాయి. అప్పుడు కర్నూలుకు ఒక అంచు, ఆ తర్వాత ఒంగోలుకు ఇంకో అంచు. కలెక్టరును కలవాలంటే ఒక రోజు కూలి పోగొట్టుకుని బస్సెక్కాలి. మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి, యర్రగొండపాలెం నియోజకవర్గాలతో మార్కాపురం జిల్లాకు 2025 నవంబరులో ముఖ్యమంత్రి ఆమోదం తెలిపారు. ఏడాది ముగిసేలోపే అది ఏర్పాటైంది. ఈ చేరువను వాడుకోవడానికి ఇదే అదను. కొత్త కలెక్టరేటులో పరిశ్రమల శాఖకు వచ్చే ప్రతి భూమి దరఖాస్తుతో పాటు మూడు కాగితాలు తప్పనిసరి చేయవచ్చు: ఒకటి, ఏడాదికి ఎన్ని నీళ్లు, ఎక్కణ్ణుంచి; రెండు, ఏ ఏ పనులకు ఎంతమంది, వారికి శిక్షణ ఎక్కడ, ఎప్పటి నుంచి; మూడు, కార్మికుల ఆరోగ్య పరీక్షలు ఎవరి ఖర్చుతో. ఆ కాగితాలను పంచాయతీ కార్యాలయంలో తెలుగులో అతికించాలి, గ్రామసభలో చదివి వినిపించాలి. చట్టం మార్చాల్సిన పని కూడా లేదు, కేటాయింపు ఉత్తర్వులో షరతుగా పెడితే చాలు.

మూడో కాగితానికి తోడుగా మార్కాపురం వైద్య కళాశాల తొందరగా తెరుచుకోవాలి. ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో ఇవ్వదలచిన మొదటి నాలుగింటిలో అదీ ఉంది. దాని మీద రాజకీయ వాదం నడుస్తోంది. వాదం ఎటు తేలినా, అక్కడ ఊపిరితిత్తుల విభాగం, ఫ్లోరోసిస్ విభాగం మొదటి రోజు నుంచే ఉండాలని, పలకల గనుల్లో పనిచేసిన పాత కార్మికులకు అక్కడ ఉచితంగా పరీక్షలు చేయాలని ఒప్పందంలో రాయించుకునే వీలు ఇప్పుడే ఉంది. సంతకాలయ్యాక ఒక్క వాక్యం చేర్చాలన్నా అమరావతి చుట్టూ కాళ్లరిగేలా తిరగాలి.