మూత రాని బాక్స్

ఈ వారం కోడ్ గురించి కాదు, కేరేజీ గురించి.

మా మేనల్లుడికి ఏడేళ్లు, రెండో క్లాసు. బావ ఓడ ఎక్కితే ఆరేడు నెలలకి గానీ ఇంటికి రాడు. అక్క నర్సు. నైట్ డ్యూటీ అయ్యి మల్కాపురం చేరేసరికి తొమ్మిదవుతుంది. అమ్మ మోకాళ్ల నొప్పులతో స్టవ్ దగ్గర ఎక్కువసేపు నిలబడలేదు. మిగిలింది ఎవరు? వర్క్ ఫ్రమ్ హోమ్ చేస్తున్న నేనే. అలా జూన్‌లో స్కూళ్లు తెరిచిన దగ్గర్నుంచి వాడి లంచ్ బాక్స్ డ్యూటీ నాకు పడింది.

రీల్స్ చూసి రెచ్చిపోయాను. నాలుగు అరల బాక్స్ కొన్నాను. ఇడ్లీకి క్యారెట్‌తో కళ్లు, కీరా ముక్కలతో నక్షత్రాలు. ఫొటో తీసి స్టేటస్ పెడితే ఆఫీస్ వాళ్లంతా హార్టులు. సాయంత్రం మూత తీస్తే మాత్రం నక్షత్రాలు వాడిపోయి, ఇడ్లీ మొహం నన్నే చూస్తూ ఉండేది.

"ఏరా, తినలేదా?" అంటే "ఆకలెయ్యలేదు మావయ్యా" అనేవాడు. అలా అంటూనే బ్యాగ్ కూడా దించకుండా బిస్కెట్ డబ్బా మీద పడేవాడు. నాలుగు వారాలు ఇదే తంతు. మధ్యాహ్నం క్లాసులో నిద్రపోతున్నాడని టీచర్ డైరీలో రాసి పంపారు. అది చదివి అక్క నన్నేమీ అనలేదు. "నేను ఇంట్లో ఉంటే తినేవాడేమోరా" అంది. తిట్టినా బాగుండేది.

రుచి నచ్చట్లేదేమో అనుకుని మెనూ మారుస్తూ పోయాను. ఏం మార్చినా అంతే. చివరికి ఒక ఆదివారం వాడిని ఎదురుగా కూర్చోబెట్టి, అదే బాక్స్‌లో మిక్చర్ పోసి, "తియ్యరా" అన్నాను. లీక్ అవ్వకుండా నాలుగు వైపులా క్లిప్పులున్న బాక్స్ అది. రెండు వచ్చాయి. మూడోది లాగుతుంటే చిట్టి వేళ్లు తెల్లబడిపోయాయి గానీ క్లిప్ కదల్లేదు. మొదటివారం ఒకసారి పక్కవాడిని తియ్యమని అడిగితే నవ్వారట. ఇంక ఎవరినీ అడగలేదు.

అంటే బగ్ వంటలో లేదు, మూతలో ఉంది. నేను రిలీజ్ చేసిన ప్రోడక్ట్‌ని, వాడాల్సిన మనిషి చేతికి ఒక్కసారి కూడా ఇచ్చి చూడలేదు.

మర్నాడే మామూలు స్టీల్ బాక్స్ తెచ్చాం. కొట్లోనే వాడితో మూడుసార్లు మూత తీయించి, పెట్టించి మరీ కొన్నాను. అలంకారాలు ఆపేశాను. మరి ఎంత పెట్టాలి, ఏం పెట్టాలి? దీనికి లెక్క ఎక్కడో లేదు, గవర్నమెంట్ స్కూల్ మధ్యాహ్న భోజనంలోనే ఉంది. పిల్లలకి వండిన భోజనమే పెట్టాలని 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. మన రాష్ట్రంలో 2003 జనవరి నుంచి పెడుతున్నారు. ఆ పథకానికి 2024 నుంచి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. గోదావరి లంకల్లో ఆకలితో వచ్చినవాళ్లకి వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన తల్లి ఆమె.

కేంద్రం నిబంధన ప్రకారం ఒకటి నుంచి ఐదో క్లాసు పిల్లలకి ఆ భోజనంలో 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు ఉండాలి. మొత్తం 450 కేలరీలు, 12 గ్రాముల ప్రోటీన్ అందాలి. ఈ లెక్కతో చూస్తే నా నక్షత్రాల బాక్స్‌లో విడిగా పప్పు చిటికెడు కూడా ఉండేది కాదు. ఇప్పుడు నా రూల్ ఒక్కటే: అన్నమో అట్టో ఒకటి, పప్పు జాతి ఒకటి, కూరగాయ ఒకటి. అరలు ఎన్నైనా, ఈ మూడూ ఉండాలి.

మా వారం ఇలా నడుస్తోంది. సోమవారం నిమ్మకాయ పులిహోర, అందులో శనగపప్పు, వేరుశనగ గుళ్లు దండిగా. మంగళవారం చిన్న పెసరట్లు, పిండిలోనే క్యారెట్ తురుము. బుధవారం చోడిపిండి అట్లు, బెల్లం వేసిన నువ్వుల పొడి. రాగుల్నే మా వైపు చోళ్లు అంటాం. 100 గ్రాముల చోళ్లలో 340 మిల్లీగ్రాములకి పైగా కాల్షియం ఉంటుంది. 2023 మార్చి నుంచి స్కూళ్లలో రాగి జావ ఇవ్వడం మొదలుపెట్టింది కూడా అందుకే. గురువారం పాలకూర పప్పు గట్టిగా చేసి అన్నంలో కలిపేస్తాను. శుక్రవారం చపాతీలో ఉడికించిన శనగలు, ఉల్లిపాయ వేపుడు చుట్టి ఇస్తాను. శనివారం స్కూల్ ఉంటే వాడు అడిగింది.

శనగలు నానబెట్టడం, పిండి రుబ్బడం, కూరగాయలు తరగడం రాత్రే అయిపోతే పొద్దున ఇరవై నిమిషాల పని. మన విశాఖ ఉక్కపోతలో ఇంకొన్ని జాగ్రత్తలు కూడా ఉన్నాయి. వేడివేడిది బాక్స్‌లో పెట్టి మూసేస్తే ఆవిరి నీరై అంతా ముద్దవుతుంది. పళ్లెంలో పరిచి కాస్త ఆరాక పెట్టాలి. కొబ్బరి చట్నీ మధ్యాహ్నానికి పాడవుతుంది, దాని బదులు పొడి మేలు. గుడ్డు గంటల తరబడి బాక్స్‌లో ఉంచకుండా పొద్దున టిఫిన్‌తోనే తినిపించేస్తున్నాను. ఇంకోటి, మొదట కొంచెం తక్కువే పెట్టండి. ఖాళీ చేశాననే తృప్తి వాడికి దక్కాలి. పెంచడం తర్వాత చూసుకోవచ్చు.

నాన్న షిప్‌యార్డ్‌లో చేసినన్నాళ్లూ అమ్మ కేరేజీ కట్టి పంపేది. ఒక్క రోజూ దానికి ఫొటో లేదు. సాయంత్రం గిన్నెలు కడిగేటప్పుడు ఏది మిగిలిందో చూసి, మర్నాటి వంట మార్చుకునేది. నాకు నాలుగు వారాలు పట్టిన సంగతి అమ్మకి ఆ సింకు దగ్గరే తెలిసేది.

ఇప్పుడు బాక్స్ దాదాపు రోజూ ఖాళీగానే వస్తోంది. మొన్న డైరీలో టీచర్ ఇంకో మాట రాశారు. వాళ్ల క్లాసులో ఒక పాపకి బాటిల్ మూత రాకపోతే, అడక్కుండానే మావాడు వెళ్లి తీసిపెట్టాడట. అక్క ఆ పేజీని రెండుసార్లు చదివింది.

ఈ ఆదివారం మీ ఇంట్లో పిల్లల బాక్స్ వాళ్ల చేతికే ఇచ్చి, తియ్యమనండి. మీరు మాత్రం సాయం చెయ్యకండి, చూడండి చాలు.