గీత గీసిందెవరు, లెక్క కట్టిందెవరు?

'అంకెలకు పక్షపాతం ఉండదు' అని చదువుకున్నవాళ్లు ధీమాగా చెబుతుంటారు. సోషియాలజీలో పరిశోధన మొదలుపెట్టిన నాటినుంచీ జనాభా లెక్కల పట్టికలతోనే పనిచేస్తున్నదాన్ని నేను. ఆ ధీమా నాకు లేదు. పట్టికలో ఒక గడి ఉండాలా వద్దా, ఉంటే దానికేం పేరు పెట్టాలి, ఎక్కడినుంచి ఎక్కడిదాకా గీత గీసి మనుషుల్ని లెక్కపెట్టాలి, ఏ గడిని ఏ గడితో కలిపి అచ్చువెయ్యాలి - ఇవన్నీ ఎవరో ఒకరు నిర్ణయిస్తే తప్ప అంకె పుట్టదు. ఆ నిర్ణయాలు జరిగే గదుల్లో స్త్రీలు, అందులోనూ అణగారిన కులాల, జాతుల స్త్రీలు ఎంతమంది ఉంటున్నారన్నదే నా ప్రశ్న.

ఈ ప్రశ్న ఇప్పుడు వెయ్యటానికి కారణం ఉంది. 2027 జనాభా లెక్కల్లో కులాన్ని కూడా నమోదు చెయ్యాలని 2025 ఏప్రిల్ 30న కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. 1931 తర్వాత జనాభా లెక్కల్లో అన్ని కులాలనూ లెక్కించి ప్రకటించింది లేదు. 2011లో విడిగా చేసిన సామాజిక, ఆర్థిక, కుల గణనలోని కుల వివరాలు బయటికి రానే లేదు. కాబట్టి కులగణన జరగాలి. అందులో నాకు ఏ సందేహమూ లేదు. అయితే లెక్కపెడితే చాలు న్యాయం జరిగిపోతుందనుకునేవాళ్లు, 1790 నుంచీ జాతిని లెక్కపెడుతున్న అమెరికా వైపు ఒకసారి చూడాలి. ఆ దేశంలో మిషిగన్ అనే ఒక్క రాష్ట్రంలోని కొన్ని నగరాల లెక్కలు చాలు, మనం ఎక్కడ మోసపోతామో తెలుసుకోవటానికి.

తెల్ల ఊరు, నల్ల ఊరు

2010 లెక్కల ప్రకారం డిట్రాయిట్ జనాభాలో నల్లవాళ్లు దాదాపు 83 శాతం. అక్కడినుంచి కారులో అరగంట ప్రయాణం చేస్తే లివోనియా. అక్కడ తెల్లవాళ్లు 92 శాతం, నల్లవాళ్లు నాలుగు శాతం కూడా లేరు. డిట్రాయిట్‌ని ఆనుకునే ఉన్న డియర్‌బోర్న్‌లో నల్లవాళ్లు సుమారు 4 శాతం. ఈ పట్టికను ఉన్నదున్నట్టు చదివినవాళ్లకు ఏం అర్థమవుతుంది? ఎవరికి నచ్చినచోట వాళ్లు ఉంటున్నారని అర్థమవుతుంది. నల్లవాళ్ల నగరం పేదరికంలో ఉంటే అది నల్లవాళ్ల తప్పేనని కూడా అర్థమవుతుంది!

పట్టికలో కనపడని చరిత్ర ఇదీ. నల్లవాళ్లున్న పేటలను ఎర్రరంగు పూసి 'ప్రమాదకరం' అని గుర్తుపెట్టిన నగరాల మ్యాపులను 1930లలో ఫెడరల్ ప్రభుత్వ సంస్థే తయారు చేయించింది. నల్లవాళ్లకు ఇల్లు అమ్మబోమని దస్తావేజుల్లో రాసుకోమని ఫెడరల్ గృహరుణ సంస్థే ప్రోత్సహించింది. 1941లో డిట్రాయిట్‌లో ఒక రియల్ ఎస్టేట్ వ్యాపారి తెల్లవాళ్ల కోసం ఇళ్లు కట్టబోతే, పక్కనే నల్లవాళ్లున్నారని ఆ సంస్థ రుణాలకు పూచీ ఇవ్వలేదు. మధ్యన ఆరడుగుల ఎత్తున, అరమైలు పొడుగున గోడ కట్టించాకే ఇచ్చింది. ఆ గోడ శిథిలం కాకుండా ఇంకా నిలబడి ఉంది. డియర్‌బోర్న్‌కి 1942 నుంచి 1978 దాకా మేయరుగా ఉన్న ఆర్విల్ హబ్బర్డ్ నల్లవాళ్లను తన ఊళ్లోకి రానివ్వనని బహిరంగంగా చెప్పి మరీ గెలుస్తూ వచ్చాడు. ఆ ఊళ్లోనే ఉన్న ఫోర్డు కర్మాగారంలో నల్ల కార్మికులు వేల సంఖ్యలో పనిచేశారు. వాళ్ల చెమట ఆ ఊరికి కావాలి, వాళ్ల కాపురాలు మాత్రం వద్దు. ఈ మాట మనకేమన్నా కొత్తా? ఊరికీ వాడకీ మధ్య మనవాళ్లకు గోడ కట్టే ఖర్చు కూడా లేకపోయింది!

ఈ గీతల్ని ఎదిరించినవాళ్లలో స్త్రీలున్నారు. డిట్రాయిట్‌లో తెల్లవాళ్ల వీధిలో ఇల్లు కొనుక్కున్న మినీ మెగీ, ఆమె భర్త ఆర్సెల్ మీద పొరుగువాళ్లు కోర్టుకెళ్లారు. 1948లో సుప్రీంకోర్టు అలాంటి దస్తావేజు షరతులను కోర్టులు అమలు చెయ్యకూడదని తీర్పిచ్చినప్పుడు, వాళ్ల కేసు కూడా అందులో ఉంది. మాంట్‌గొమరీ బస్సులో లేవనన్న రోజా పార్క్స్ 1957లో డిట్రాయిట్ వచ్చి, మిగతా జీవితమంతా అక్కడే గడిపింది. దక్షిణాదిలో బస్సుల్లో చూసిన వివక్షను ఉత్తరాదిలో ఇళ్ల విషయంలో, బళ్ల విషయంలో చూశానని ఆమె పనే చెబుతుంది. 1974లో సుప్రీంకోర్టు డిట్రాయిట్ బడుల కేసులో, నగరం దాటి శివారు ఊళ్లను కలిపి పిల్లల్ని కలగలపటానికి వీల్లేదని తీర్పు చెప్పింది. దాంతో మునిసిపల్ సరిహద్దు గీతే గోడ అయింది.

ఈ గీతకు అవతల మనవాళ్లూ ఉన్నారు. 'డిట్రాయిట్ తెలుగువాళ్లం' అని చెప్పుకునేవాళ్లలో ఎక్కువమంది ఉండేది డిట్రాయిట్‌లో కాదు. నోవై, ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్, క్యాంటన్ లాంటి శివారు ఊళ్లలో. 2020 లెక్కల్లో నోవై, ట్రాయ్ జనాభాలో ఆసియావాళ్లు ఇంచుమించు నాలుగో వంతు. అక్కడి మంచి బడుల్ని చూసే వెళ్లామంటారు. ఆ బడులు ఎవర్ని బయట ఉంచి మంచి బడులయ్యాయో కూడా తెలుసుకుంటే బావుంటుంది. డిట్రాయిట్ నల్లవాళ్ల గురించి మన డ్రాయింగు రూముల్లో వినపడే మాటలు, ఇక్కడ వాడల గురించి వినపడే మాటలకు అనువాదాలే.

స్త్రీ ఏ గడిలో ఉంది?

1790 నాటి మొదటి అమెరికన్ లెక్కల్లో అయిదు గడులున్నాయి. పదహారేళ్లు నిండిన స్వేచ్ఛగల తెల్ల పురుషులు, పదహారేళ్లలోపు తెల్ల పురుషులు, తెల్ల స్త్రీలు, మిగిలిన స్వేచ్ఛగల మనుషులు, బానిసలు. గమనించండి. తెల్లవాడికి వయసు ఉంది, ఎందుకంటే అతను సైన్యానికీ పనికీ పనికొస్తాడు. తెల్ల స్త్రీకి వయసు లేదు. బానిసకు వయసూ లేదు, ఆడా మగా అన్న తేడా కూడా లేదు. బానిస స్త్రీ కన్న పిల్లలు యజమాని ఆస్తిగా మారే వ్యవస్థలో, ఆమె స్త్రీ అన్న సంగతి మాత్రం పట్టికలోకి ఎక్కలేదు! నల్లజాతి స్త్రీ అటు 'స్త్రీ' గడిలోనూ ఇటు 'జాతి' గడిలోనూ మాయమైపోవటం అప్పుడే మొదలైంది.

1970 లెక్కల దాకా భార్యాభర్తలున్న ఇంట్లో, సంపాదన ఎవరిదైనా సరే, 'కుటుంబ పెద్ద' భర్తే. స్త్రీల ఉద్యమం పట్టుబట్టాక 1980లో ఆ మాట తీసేశారు. జాతి గడులూ అంతే. మనదేశం నుంచి వెళ్లినవాళ్లు సిక్కులైనా ముస్లిములైనా సరే 1920, 1930, 1940 లెక్కల్లో 'హిందూ' జాతి! 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు మనవాళ్లు తెల్లవాళ్లు కాదంది. 1970 లెక్కల్లో తెల్లవాళ్లలో కలిపేశారు. 1980లో 'ఏషియన్ ఇండియన్' గడి వచ్చింది. అరవై ఏళ్లలో మన రక్తం మారలేదు, అచ్చుకాగితం మారింది. డియర్‌బోర్న్‌ సంగతి ఇంకా విచిత్రం. 2020 లెక్కల్లో జనం స్వయంగా రాసిచ్చిన మూలాల్ని లెక్కిస్తే, అక్కడ సగానికి పైగా పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా మూలాలవాళ్లు. కానీ అరబ్బులంతా నిర్వచనం ప్రకారం 'తెల్లవాళ్లు' కాబట్టి, అధికార జాతి పట్టికలో అది తెల్ల ఊరే. వాళ్లకు విడి గడి ఉండాలని అమెరికా ప్రభుత్వం 2024 మార్చిలో గానీ నిర్ణయించలేదు. తలకు గుడ్డ కట్టుకున్నందుకు ఉద్యోగంలో వివక్షకు గురైన అరబ్ స్త్రీ, 'తెల్ల స్త్రీ'గా లెక్కకెక్కితే ఆ వివక్షకు రుజువు ఎక్కడినుంచి తెస్తుంది?

నోవై, ట్రాయ్‌లలో మన ఆడపిల్లల సంగతీ చూద్దాం. భర్త ఉద్యోగ వీసా మీద ఆధారపడి వెళ్లిన భార్యల్లో చాలామందికి 2015 దాకా పనిచేసే హక్కే లేదు. ఆ ఏడాది వచ్చిన నిబంధనతో కొందరికి మాత్రం వచ్చింది. 'ఆసియా కుటుంబాల ఆదాయం ఎక్కువ' అనే పట్టికలో ఆమె చదువు, ఆగిపోయిన ఉద్యోగం, ఇంటి చాకిరీ ఏవీ కనపడవు. కుటుంబాన్ని ఒకే గడిగా లెక్కపెట్టినంతకాలం, ఆ గడిలోపల ఎవరు ఎవరి మీద ఆధారపడి ఉన్నారన్నది పట్టికకు అక్కర్లేదు.

ఫ్లింట్ నీళ్లు చెప్పిన పాఠం

సరిహద్దు గీత ఎంత పని చెయ్యగలదో ఫ్లింట్ నగరం చెబుతుంది. 2010లో అక్కడ లక్షా రెండు వేల జనాభా. అందులో సగానికి పైగా నల్లవాళ్లు. మిషిగన్ రాష్ట్రం ఫ్లింట్, డిట్రాయిట్ లాంటి నగరాల్లో ఎన్నికైనవాళ్లను పక్కనపెట్టి, తను నియమించిన అత్యవసర పాలకుల చేతికి పెత్తనం ఇచ్చింది. 2013లో ఆ రాష్ట్రపు నల్లజాతి ప్రజల్లో దాదాపు సగంమంది, తాము ఎన్నుకోని పాలకుల కిందే బతికారు. అలాంటి పాలన కిందే 2014 ఏప్రిల్‌లో, ఖర్చు తగ్గుతుందని ఫ్లింట్ నదినుంచి నీళ్లివ్వటం మొదలుపెట్టారు. పైపులు తినెయ్యకుండా కలపాల్సిన మందు కలపలేదు. పాత పైపుల్లోని సీసం నీళ్లలోకి, ఆ నీళ్లు పిల్లల పాలసీసాల్లోకి వెళ్లాయి.

రంగుమారిన నీళ్లను సీసాల్లో పట్టి మీటింగులకు తెచ్చి చూపించినవాళ్లలో తల్లులు ముందున్నారు. నీళ్లు బాగానే ఉన్నాయన్నారు అధికారులు. వాళ్ల దగ్గర అంకెలున్నాయి మరి! పోస్టల్ జిప్ కోడ్ ప్రకారం తీసిన అంకెల్లో, పేరుకి ఫ్లింట్ అడ్రసే అయినా నగర నీళ్లు రాని చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు కూడా కలిశారు. విషం తాగిన పిల్లల అంకె ఆ సగటులో కరిగిపోయింది. పిల్లల డాక్టర్ మోనా హన్నా-అటీషా, ఆమెతో పనిచేసినవాళ్లు, నగరం నీళ్లు వచ్చే ఇళ్ల పిల్లల్ని విడదీసి లెక్కకట్టి, 2015 సెప్టెంబరులో రక్తంలో సీసం పెరిగిందని బయటపెట్టారు. మొదట రాష్ట్ర అధికారులు ఆమె లెక్కే తప్పన్నారు. అక్టోబరులో నీళ్లు మార్చక తప్పలేదు. పిల్లలూ వాళ్లే, రక్తపరీక్షలూ అలాంటివే. గీత మార్చి గీస్తే నిజం బయటపడింది. అందుకే లెక్క వద్దని నేననను. లెక్క మన చేతికి రావాలంటాను.

లెక్కలోకి రానివాళ్ల సంగతి కూడా చెప్పాలి. 2020 లెక్కల తర్వాత జరిపిన తనిఖీ సర్వేలో, దేశం మొత్తమ్మీద నల్లవాళ్లను 3.30 శాతం, లాటినోలను 4.99 శాతం తక్కువగా లెక్కించినట్టు తేలింది. తెల్లవాళ్లను 1.64 శాతం ఎక్కువగా లెక్కించారు. నిధులూ సీట్లూ పంచేది ఈ లెక్కతోనే. ఒకరి పేరు జారిపోతే పక్కవాడి వాటా పెరుగుతుంది.

మన లెక్క ఎలా ఉండాలి?

కులాన్ని లెక్కపెడితే కులం బలపడుతుందని వాదించేవాళ్లు ఇంకా ఉన్నారు. ఫ్రాన్సు తన జనాభా లెక్కల్లో జాతిని అడగదు. 2005లో పారిస్ శివారు పేటలు తగలబడటాన్ని ఆ మౌనం ఆపలేకపోయింది. అడగనంతమాత్రాన వివక్ష పోదు. దాన్ని రుజువు చేసే దారి పోతుంది.

కానీ మొత్తాలతో సరిపెట్టుకోవటం కూడా ప్రమాదమే. తెలంగాణలో 2024 నవంబరులో మొదలైన ఇంటింటి సర్వే వివరాలు 2025 ఫిబ్రవరిలో ప్రకటించారు. ముస్లిం బి.సి.లతో కలిపి బి.సి.లు 56 శాతం, ఎస్.సి.లు 17 శాతం, ఎస్.టి.లు 10 శాతం అని పతాక శీర్షికలు వచ్చాయి. వాటా కోసం జరిగే పోరాటానికి ఆ అంకెలు అవసరమే. అయితే 56 శాతంలో సగం స్త్రీలని ఏ వేదిక మీదైనా ఎంతమంది నాయకులు గుర్తుచేశారు? హైదరాబాదు రోడ్లను తెల్లవారకముందే ఊడ్చే దళిత స్త్రీ ఏ వార్డులో ఉంటుంది, ఆ వార్డులో నల్లా ఎంతసేపొస్తుంది, ఆమె కూతురు ఏ తరగతిలో బడి మానేసింది - ఈ మూడూ ఒకే పట్టికలో కలిసినప్పుడే ఆమె కనపడుతుంది.

కాబట్టి మహిళా సంఘాలు అడగాల్సినవి ఇవి. ఒకటి, కుల పట్టికలన్నీ స్త్రీ పురుషులకు వేరువేరుగా, చదువుతో, పనితో, ఇంటి వసతులతో కలిపి ప్రచురించాలి. రెండు, నగరాల్లో వార్డుల స్థాయిలో ఇవ్వాలి. ధనికుల కాలనీనీ పక్కనున్న బస్తీనీ కలిపి సగటు తీస్తే బస్తీ మాయమవుతుంది. మూడు, ఒంటరి స్త్రీల, భర్త వదిలేసిన స్త్రీల కుటుంబాలను విడిగా చూపాలి. 'యజమాని' ఎవరని ఎన్యూమరేటర్ అడిగితే ఆ ఇంట్లో మగపిల్లవాడి పేరు రాయటం ఆగాలి. నాలుగు, బస్తీలకు వెళ్లే ఎన్యూమరేటర్లలో ఆ కులాల స్త్రీలుండాలి. ఐదు, వివరాలు 2011 కుల గణనలాగా అటకెక్కకుండా తేదీ ప్రకటించి బయటపెట్టాలి.

ఇవన్నీ గొంతెమ్మ కోరికలంటారు. 1991 జనాభా లెక్కలప్పుడు ఏం జరిగిందో వాళ్లకు గుర్తుచేద్దాం. సొంత పొలంలో, కుటుంబ వృత్తిలో కూలి లేకుండా చేసే పని కూడా పనేనని ప్రశ్నలో మాట చేర్చారు. స్త్రీల సంఘాలూ పరిశోధకులూ ఏళ్లతరబడి అడగబట్టే అది జరిగింది. అప్పుడు ఒక్క మాట చేర్పించటానికే అంత పోరాటం కావాల్సొచ్చింది. పట్టికలు అచ్చయ్యాక విమర్శలు రాయటం నాలాంటి పరిశోధకులకు సులువే. అవి తయారవుతున్నప్పుడే వెళ్లి తలుపు తట్టాలి. ఆ పని ఏ ఒక్కరివల్లా అయ్యేది కాదు.