అడగకుండా చేసిన యుద్ధం

1965 జులై 28 మధ్యాహ్నం వైట్‌హౌస్‌లో విలేకరుల సమావేశం. వియత్నాంలో ఉన్న అమెరికా సైనికుల సంఖ్యను 75 వేల నుంచి 1,25,000కు పెంచుతున్నట్లు అధ్యక్షుడు లిండన్ జాన్సన్ చెప్పారు. నెలకు 17 వేలుగా ఉన్న నిర్బంధ సైనిక భర్తీ 35 వేలకు పెరుగుతుందన్నారు. అదే సమావేశంలో తన పాత మిత్రుడు, న్యాయవాది ఏబ్ ఫోర్టస్‌ను సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ప్రతిపాదిస్తున్నట్లూ ప్రకటించారు. సైన్యాన్ని పెంచడమంటే వియత్నాం విధానం మారినట్లేనా అని ఒకరు అడిగితే, ఏమాత్రం మారలేదని బదులిచ్చారు. ఉభయ సభల ఉమ్మడి సమావేశం లేదు. జనం టీవీల ముందు కూర్చునే రాత్రివేళ ప్రసంగం లేదు. అమెరికా పూర్తిస్థాయి యుద్ధంలోకి దిగిన రోజు అది. ఆ సంగతి అమెరికన్లకు పెద్దగా పట్టకూడదన్న జాగ్రత్త ఆ సమావేశం నడిచిన తీరులోనే ఉంది. ఏడాది చివరికి అక్కడి సైనికులు 1,84,000 అయ్యారు. 1968 నాటికి ఐదు లక్షలు దాటారు.

జాన్సన్ యుద్ధ నాయకత్వాన్ని తప్పుపట్టినవాళ్లకు కొదవ లేదు. వియత్నాం చరిత్ర ఆయనకు తెలియదని కొందరు, బాంబులతో లొంగదీయవచ్చని భ్రమపడ్డారని కొందరు, తమ చేతులు కట్టేశారని సైన్యాధికారులు. ఇవన్నీ అసమర్థత పద్దులో రాసుకోదగినవి. అసమర్థులైన అధ్యక్షులు ఆయనకు ముందూ ఉన్నారు, తర్వాతా వచ్చారు. నా దృష్టిలో ఆయనపై నిలబడే అభియోగం వేరు. ‘వద్దు’ అనగలిగిన ప్రతి ఒక్కరికీ ఆ మాట అనే సందు లేకుండా చేసి ఆయన యుద్ధం నడిపారు.

మొదటి వంతు అమెరికా కాంగ్రెస్‌ది. యుద్ధం ప్రకటించే అధికారం అక్కడి రాజ్యాంగం అధ్యక్షుడికి ఇవ్వలేదు, చట్టసభకే ఇచ్చింది. 1964 ఆగస్టు 2న టోంకిన్ సింధుశాఖలో అమెరికా యుద్ధనౌక మాడాక్స్ మీదికి ఉత్తర వియత్నాం టార్పెడో పడవలు మూడు వచ్చాయి. ఇది నిజంగా జరిగింది. రెండు రోజుల తర్వాత, 4వ తేదీ రాత్రి, మాడాక్స్‌పైనా టర్నర్ జాయ్ అనే మరో నౌకపైనా మళ్లీ దాడి జరిగిందన్నారు. అది జరగలేదు. చీకట్లో, చెడు వాతావరణంలో రాడార్, సోనార్ తెరల మీద కనిపించిన నీడలను నావికులు శత్రువులనుకున్నారు. అక్కడి కమాండర్ జాన్ హెరిక్ కొన్ని గంటల్లోనే వాషింగ్టన్‌కు సందేశం పంపారు: చాలా టార్పెడోల సమాచారం అనుమానాస్పదంగా ఉంది, కంటితో చూసినవాళ్లు లేరు, ఏ చర్య తీసుకునే ముందైనా పూర్తిగా పరిశీలించండి. ఆ రాత్రి నౌకల పైన విమానం నడిపిన జేమ్స్ స్టాక్‌డేల్ కూడా తనకు ఒక్క శత్రు పడవా కనిపించలేదనే తర్వాత చెప్పారు.

హెరిక్ కోరిన పరిశీలన పూర్తయ్యే దాకా ఆగలేదు. అదే రాత్రి 11.36 గంటలకు జాన్సన్ టీవీలో కనిపించి ప్రతీకార దాడులను ప్రకటించారు. ఈ ప్రసంగానికి మాత్రం రాత్రివేళ దొరికింది. ఎన్నికలకు మూడు నెలలే ఉన్నాయి మరి. ఆ దాడుల్లో కూలిన విమానం నుంచి పట్టుబడిన పైలట్ ఎవరెట్ అల్వారెజ్ ఎనిమిదేళ్లకు పైగా ఉత్తర వియత్నాంలో బందీగా ఉన్నారు.

సైనిక చర్యకు అధ్యక్షుడికి అధికారమిచ్చే టోంకిన్ తీర్మానం ఆగస్టు 7న కాంగ్రెస్‌లో నెగ్గింది. ప్రతినిధుల సభలో చర్చ 40 నిమిషాలు, ఓట్లు 416కు సున్నా. సెనేట్‌లో 88 మంది అనుకూలం, ఇద్దరు వ్యతిరేకం. అవసరమైన చర్యలన్నీ తీసుకోవచ్చని అందులో ఉంది. ఎంత దూరం, ఎంత కాలం, ఎంతమంది సైనికులతో అన్నది లేదు. అది అమ్మమ్మ నైట్‌గౌను లాంటిదని, అన్నిటినీ కప్పేస్తుందని జాన్సన్ నవ్వుతూ అనేవారట. యుద్ధం విస్తరించకూడదన్న వాక్యం చేర్చాలని విస్కాన్సిన్ సెనేటర్ గేలార్డ్ నెల్సన్ అడిగారు. తీర్మానాన్ని సభలో నడిపిస్తున్న విలియం ఫుల్‌బ్రైట్ వారించారు. అధ్యక్షుడి ఉద్దేశమూ అదేనని, సవరణ పెడితే ఆలస్యమవుతుందని నచ్చజెప్పారు. తర్వాత రెండేళ్లు తిరగకముందే అదే ఫుల్‌బ్రైట్ టీవీ కెమెరాల ముందు ఆ యుద్ధంపై విచారణలు జరపాల్సి వచ్చింది.

దాచిందేమిటో చూడండి. జులై నెలాఖరులో ఉత్తర వియత్నాం దీవులపై దక్షిణ వియత్నాం కమాండోలు అమెరికా రహస్య పథకం కింద దాడులు చేశారు. మాడాక్స్ ఆ చుట్టుపక్కలే ఉంది. సెనేట్ కమిటీ ముందు రక్షణ మంత్రి రాబర్ట్ మెక్‌నమారా ఆ దాడులతో మన నౌకాదళానికి సంబంధమే లేదు, ఆ సంగతే తెలియదు అన్నారు. వ్యతిరేకంగా ఓటేసిన ఒరెగాన్ సెనేటర్ వేన్ మోర్స్ ఈ విషయాన్ని సభలో గట్టిగానే లేవనెత్తారు, వినేవాళ్లు లేకపోయారు. ఆయనా, ఆయనతో నిలబడిన అలాస్కా సెనేటర్ ఎర్నెస్ట్ గ్రూనింగ్ కూడా 1968లో పదవులు పోగొట్టుకున్నారు. ఆ నలభై నిమిషాల్లో చేతులెత్తినవాళ్లలో చాలామంది మాత్రం ఏళ్ల తరబడి సభలోనే ఉన్నారు.

జాన్సన్‌కు తెలియక చేశారా? ఈ ప్రశ్నకు జవాబు ఆయనే రికార్డు చేసి పెట్టుకున్నారు. టోంకిన్‌కు రెండు నెలల ముందు, 1964 మే 27న, జాతీయ భద్రతా సలహాదారు మెక్‌జార్జ్ బండీతో ఫోన్‌లో మాట్లాడుతూ, ఇది పోరాడదగిన యుద్ధం కాదని, అయినా బయటపడే దారి కనిపించడం లేదని అన్నారు. ఆ టేపులు దశాబ్దాల తర్వాత బయటికొచ్చాయి. అదే ఏడాది అక్టోబరులో, ఆసియా యువకులు చేసుకోవాల్సిన పనికి అమెరికన్ యువకులను పంపబోనని ఒహాయోలో ఓటర్లకు మాటిచ్చారు. నవంబరులో 61 శాతం ఓట్లతో గెలిచారు. 1965 మార్చిలో తొలి మెరైన్ దళాలు డా నాంగ్ తీరంలో దిగాయి. వైమానిక స్థావరానికి కాపలా కోసమేనన్నారు. ఏప్రిల్ మొదటి వారంలో ఆ దళాలకు ఎదురుదాడి చేసే అనుమతి ఇచ్చి, విషయం బయటికి పొక్కకూడదని ఆదేశాల్లోనే రాశారు. యుద్ధం చాప కింద నీరులా వచ్చింది. ఆ నీరు వదిలింది ఎవరో వైట్‌హౌస్‌కు తెలుసు.

తర్వాతి వంతు పౌరులది. యుద్ధం ఇంటి గుమ్మం దాకా రావడానికి అమెరికాలో రెండు దారులుండేవి. రిజర్వు దళాలను పిలిస్తే ప్రతి ఊళ్లోనూ ఉద్యోగాలు చేసుకుంటున్న, పెళ్లాం పిల్లలున్న మగవాళ్లు కదలాలి. పన్ను పెంచితే ప్రతి జీతంలోనూ కోత కనిపిస్తుంది. ఈ రెండింటిలో ఏది చేయాలన్నా కాంగ్రెస్‌లో వాడిగా వేడిగా చర్చ జరిగి తీరుతుంది. 1965 జులైలో సైన్యాధిపతులు రిజర్వులను పిలవమనే సలహా ఇచ్చారు. జాన్సన్ కాదన్నారు. పన్ను మాట ఎత్తలేదు. పది శాతం సర్‌చార్జి 1968 జూన్‌కు గానీ చట్టం కాలేదు, అప్పటికే ధరలు పెరగడం మొదలైంది. రిజర్వులకు బదులు నిర్బంధ భర్తీని ఎంచుకున్నారు. కాలేజీలో చేరినవాళ్లకు అందులో వాయిదాలుండేవి, తెలిసినవాళ్లున్న కుర్రాళ్లు నేషనల్ గార్డ్‌లో చేరి తప్పించుకునేవారు. పైరవీ లేనివాడు అడవికి వెళ్లాడు. ఇది యుద్ధ వ్యూహంలో పొరపాటు కాదు, ఎవరి నోరు లేవకూడదో లెక్క చూసుకుని చేసిన ఎంపిక.

ఇక సొంత మనుషులు. 1965 ఫిబ్రవరిలో ఉపాధ్యక్షుడు హ్యూబర్ట్ హంఫ్రీ ఒక లేఖ రాశారు. భారీ మెజారిటీతో గెలిచాం, ప్రతిపక్షానికి భయపడనవసరం లేదు, బయటపడటానికి ఇంతకన్నా మంచి ఏడాది రాదు అన్నది దాని సారాంశం. ఫలితంగా వియత్నాం చర్చలకు ఆయన్ను పిలవడం మానేశారు. ఏడాది తర్వాత హంఫ్రీ సైగాన్ వెళ్లొచ్చి యుద్ధాన్ని పొగిడారు, అప్పుడు మళ్లీ దగ్గరికి తీశారు. తీరా 1968లో అధ్యక్ష అభ్యర్థిగా నిలబడి ఆ యుద్ధం బరువుతోనే ఓడిపోయింది ఆయనే. నిర్ణయాలన్నీ మంగళవారం మధ్యాహ్న భోజనానికి చేరే గుప్పెడు మంది దగ్గరికి వచ్చాయి. ఉత్తర వియత్నాంలో ఏ వంతెన మీద బాంబు వేయాలో, ఏది వదిలేయాలో అక్కడ తేల్చేవారు.

ఆ రోజుల్లో మన గోధుమల సంగతీ ఇలాగే తేలింది. 1965-67 కరవుల్లో అమెరికా నుంచి పి.ఎల్. 480 ఆహార సాయ చట్టం కింద వచ్చే ధాన్యం లేకపోతే దేశం గడవని పరిస్థితి. అన్నం తప్ప ఎరగని తెలుగు ఇళ్లకూ ఆ గోధుమలు రేషన్ దుకాణాల నుంచి చేరాయి. ఏళ్లకు సరిపడా ఒప్పందం చేసుకునే పద్ధతిని జాన్సన్ ఆపేశారు. ఓడ ఎప్పుడు కదలాలో నెల నెలా తనే చూసుకునేవారు. వ్యవసాయాన్ని మీరే బాగుచేసుకోండన్న ఒత్తిడి అందులో కొంత ఉంది, అది పూర్తిగా అన్యాయమనలేం. కానీ బాంబు దాడులను తప్పుపట్టిన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి అమెరికా పర్యటనను 1965 ఏప్రిల్‌లో ఉన్నపళంగా వాయిదా వేసిందీ ఆయనే. 1966 జులైలో ఇందిరాగాంధీ మాస్కోలో బాంబు దాడులు ఆపాలన్న ఉమ్మడి ప్రకటనపై సంతకం చేశాక ఆయన కోపం మరింత పెరిగింది. వియత్నాంపై జెనీవా ఒప్పందాలను పర్యవేక్షించే అంతర్జాతీయ కమిషన్‌కు అప్పట్లో భారత్ అధ్యక్షత వహించేది, మాట్లాడటం మన బాధ్యత కూడా. పోప్, ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి ఊ థాంట్ అన్నదే మేమూ అన్నామని మన తరఫున సమర్థించబోతే, వాళ్లకు మా గోధుమలు అక్కర్లేదుగా అన్న జవాబు వచ్చిందని చెబుతారు. చివరికి గోధుమలు వచ్చాయి, భారీగానే వచ్చాయి. ఆలోపు ‘వద్దు’ అనడానికి బయటి దేశమైనా ఏం చెల్లించాలో అందరికీ తెలిసింది.

జాన్సన్‌ను విషాద నాయకుడిగా చూపే కథనం ఒకటి బాగా చలామణీలో ఉంది. పౌరహక్కుల చట్టం, ఓటుహక్కు చట్టం, మెడికేర్ తెచ్చిన మనిషి. ఆ సంస్కరణలను కాపాడుకోవడానికే యుద్ధాన్ని గుట్టుగా నడపాల్సి వచ్చిందని వాదన. ఆ చట్టాలు గొప్పవే. వాటిని తెచ్చినప్పుడు ఒక్కో సభ్యుడితో కూర్చుని బతిమాలి, బెదిరించి, ఓటు ఓటూ లెక్కపెట్టి ఒప్పించారు. ఒప్పించడం చేతకాని మనిషి కాదన్నమాట. యుద్ధం దగ్గరికొచ్చేసరికి ఒప్పించలేననే అడగలేదు. అడిగి ఉంటే సంస్కరణలు ఆగిపోయేవన్నది నిజమే అయినా, అంతకన్నా ముందు యుద్ధం ఆగిపోయేదేమో! 58 వేల మందికి పైగా అమెరికన్ సైనికులు చనిపోయారు. 1995లో వియత్నాం ప్రభుత్వం ఇచ్చిన అంచనా ప్రకారం తమవైపు పోరాడి చనిపోయినవాళ్లు 11 లక్షలు, ఇరువైపులా పౌరులు 20 లక్షల వరకు.

1968 జనవరి చివర్లో కమ్యూనిస్టు దళాల టెట్ దాడులు జరిగినప్పుడు కూలింది ఈ గుట్టే. సైనికంగా ఆ దాడులు విఫలమయ్యాయి. కానీ విజయం దగ్గర్లోనే ఉందని అక్కడి అమెరికా సేనల అధిపతి జనరల్ వెస్ట్‌మోర్‌ల్యాండ్ చెప్పి మూడు నెలలైనా కాలేదు, పైగా మరో 2,06,000 మంది కావాలని అడిగారు. మార్చి 31న జాన్సన్ మళ్లీ పోటీ చేయనని ప్రకటించారు.

ఆ తీరు ఆయనతో పోలేదు. రిచర్డ్ నిక్సన్ 1969 మార్చి నుంచి పద్నాలుగు నెలలు కంబోడియాపై రహస్యంగా బాంబులు వేయించి, సైనిక రికార్డుల్లో దొంగ లెక్కలు రాయించారు. టోంకిన్ తీర్మానం 1971 జనవరిలో రద్దయినా, సర్వసేనానిగా నాకున్న అధికారం చాలంటూ యుద్ధం కొనసాగించారు. 1973 నవంబరు 7న నిక్సన్ వీటోను తోసిరాజని కాంగ్రెస్ యుద్ధాధికారాల తీర్మానం తెచ్చింది. సేనలను దింపిన 48 గంటల్లో తెలియజేయాలి, అనుమతి లేకుంటే 60 రోజుల్లో విరమించాలి, వెనక్కి తేవడానికి మరో 30 రోజులు.

2011 మార్చిలో బరాక్ ఒబామా లిబియాపై దాడులు మొదలుపెట్టారు. మేలో ఆ తీర్మానం చెప్పిన 60 రోజులు నిండాయి. నేలపై మన సైనికులు లేరు కాబట్టి చట్టం చెప్పే శత్రుచర్యల కిందికి ఇది రాదని ప్రభుత్వం వాదించింది. ఆ వాదన వినిపించిన విదేశాంగ శాఖ న్యాయ సలహాదారు హెరాల్డ్ కో అంతకుముందు యేల్ ఆచార్యుడిగా అధ్యక్షుల యుద్ధాధికారాన్ని విమర్శించి పేరు తెచ్చుకున్నవారే. జూన్ 24న ప్రతినిధుల సభ ఈ విషయం చేపట్టింది. దాడులకు అనుమతిచ్చే తీర్మానాన్ని 295-123తో ఓడించింది. అదే రోజు నిధులకు కత్తెర వేసే బిల్లునూ 238-180తో ఓడించింది. నాటో విమానాలు అక్టోబరు 31 దాకా ఎగురుతూనే ఉన్నాయి.