చిత్రభానులో డాల్డా

మా వంశవృక్షం మొన్నీమధ్య పుస్తకరూపం దాల్చింది. అచ్చు వేయించినవాడు మా పినతండ్రిగారి కుమారుడు, నాకు తమ్ముడు. అందులో మా పెదతాతగారిని గురించి "1882లో బందరున మిఠాయి దుకాణము స్థాపించిరి" అని వ్రాసినాడు. పెదతాతగారి పుట్టుక కంటె దుకాణమే ముందు పుట్టినట్లున్నది!

ఆధారమేమిరా అని అడిగితే దుకాణం చిట్టా పుస్తకం చూపించినాడు. మొదటి పుటలో చిత్రభాను నామ సంవత్సర చైత్ర శుద్ధ పాడ్యమి అని ఉన్నమాట నిజమే. కాని చిత్రభాను అరువదేండ్ల కొకసారి తిరిగి వస్తుంది గదా. 1882, 1942, 2002. మావాడు వీటిలో ఘనంగా కనబడినదానిని ఏరుకొన్నాడు. అదే చిట్టాలో నాలుగు పుటలు తిప్పితే "డాల్డా డబ్బాలు 2" అని పద్దు. డాల్డా మన దేశంలో అంగళ్లకు వచ్చినది 1937లో. ఇక ఆ చిత్రభాను ఏదో వేరే చెప్పాలా?

ఈ మాట అంటే తమ్ముడు నా చేయి పట్టుకొని, "అన్నయ్యా, ఆ పుట సంగతి ఎవరికీ చెప్పకు, మనది నేతి లడ్డు అని పేరు" అన్నాడు. అనగా పుట సంగతి అతనికి ముందే తెలుసును!

2017లో బందరు లడ్డుకు భౌగోళిక గుర్తింపు లభించినది. నాటినుండి మా ఊరివారికి తాతముత్తాతలు హఠాత్తుగా మిఠాయి చేయడం మొదలుపెట్టినారు. అంతకుముందు పెండ్లిచూపులలో "మిఠాయి కొట్టువాళ్లు" అనిపించుకోవడానికి నామోషీ పడినవారే వీరందరూ. ఈ విద్య బుందేలుఖండం నుండి వచ్చిన బొందిలీలది అని బందరులో చెప్పుకొంటారు. మా వంశవృక్షంలో వారి ఊసే లేదు.

అసలు తొక్కుడు లడ్డు అన్న పేరే చూడండి. తొక్కడమంటే దంచడం. శనగపిండిని పూసగా నేతిలో వేయించాలి, రోట దంచాలి, జల్లించాలి, బెల్లపు పాకంలో కలిపి మరల దంచాలి. ఆ పేరులో ఉన్నది రోకలి పట్టిన చేయి. ఆ చేయి ఎవరిదో ఏ దుకాణం పలకా చెప్పదు. మా చిట్టా చెప్పినది.

"దంపుడు కూలి, 3 అణాలు" అన్న పద్దు ఎదుట ఉన్న పేరు మా నాయనమ్మది. దుకాణం యజమానికి స్వయానా మరదలు. అప్పటికి తాతగారు పోయి రెండేండ్లు, మా నాన్నగారికి తొమ్మిదేండ్లు. కార్తికంలో మూడు రోజులు వరుసగా ఆమె పేరు కెదురుగా "జ్వరము, రాలేదు" అని వ్రాసి కూలి గడి ఖాళీగా విడిచినారు. వంశవృక్షంలో ఆమెకు పేరు సైతం లేదు. తాతగారి గడిలో "భార్య" అని మాత్రం ఉన్నది. ఆ క్రింది వివరణలో "ఉమ్మడి కుటుంబమున ఏ లోటూ లేక జీవించిరి" అని ఒక వాక్యం. నలుబది ఏండ్లు పిల్లలకు పాఠాలు చెప్పినాను గాని, ఇంత పచ్చి అబద్ధాన్ని ఇంత చక్కని వ్యాకరణంతో ఎన్నడూ చదువలేదు.

పెద్దల పరువు తీస్తున్నావని మా వాళ్ల అభియోగం. ఏ పెద్దల పరువు? నాయనమ్మ పెద్ద కాదా? రోకలి పట్టి బిడ్డను చదివించుకొన్నది. ఆ బిడ్డ కొడుకును గనుకనే ఈ నాలుగు అక్షరాలు వ్రాయగలుగుతున్నాను. ఇందులో నాకు సిగ్గేమీ కనబడదు. సిగ్గుపడవలసిన సంగతి ఏదైనా ఉంటే అది ఆ మూడు ఖాళీ గడులలో ఉన్నది. పెదతాతగారు క్రూరుడని నేను అనను. యుద్ధపు రోజులు, ఆయన ఇబ్బందులు ఆయనకున్నవి. జ్వరం అని వ్రాసి పెట్టినారు, అదైనా వ్రాసినారు. మనవడు దానిని తుడిచివేసినాడు.

మిత్రులారా, మీ ఇండ్లలో గాని, మీ ఊరి పాత మిఠాయి అంగళ్లలో గాని ఇటువంటి చిట్టాలుంటే తూకానికి వేయకండి. ఎవరింట పెండ్లికి ఎన్ని లడ్లు పోయినవో, ఏ మాసంలో పోయినవో వాటిలో ఉంటుంది. మా మేనత్తగారి పెండ్లి నెల మాకు తెలిసినది గుడివాడకు పంపిన 500 లడ్ల పద్దు వలననే. అయితే చదివితే పూర్తిగా చదవండి, డాల్డాతో సహా.

కార్తికమాసపు ఆ పుటకు ఫోటో తీసి ఉంచినాను. రెండవ ముద్రణ వేస్తానంటున్నాడు తమ్ముడు. అది చేర్చేదాకా నా వంతు చందా ఇవ్వనని కబురంపినాను.