బాలింతకు తోడెవరు?

కాన్పు అనగానే మనకు పుట్టిల్లు గుర్తొస్తుంది. నడుం కట్టు, పథ్యం, కాయం, సాంబ్రాణి పొగ, బిడ్డకి నీళ్ళు పొయ్యడానికి కాళ్ళు చాపుకుని కూర్చునే అమ్మమ్మ. ఇరవై ఒకటో రోజున బారసాల చేసి ఉయ్యాల్లో వేసేదాకా తల్లిని గడప దాటనివ్వం. మరి ఇవేవీ లేని పరాయి దేశంలో పసిగుడ్డుతో ఒక తల్లి ఎలా నెట్టుకొస్తుంది?

బర్మాలో పనిచేసిన అమెరికన్ మిషనరీ యాన్ జడ్సన్ కథ ఈ ప్రశ్నకి జవాబు. 1812లో పెళ్ళయిన రెండు వారాలకే భర్త ఎడోనిరామ్‌తో ఓడెక్కింది. మరుసటి ఏడు జూన్‌లో రంగూన్‌కి బయల్దేరింది మన మద్రాసు నుంచే. అప్పటికామె గర్భిణి. తోడుకని మద్రాసులో కుదుర్చుకున్న మనిషి ఓడ కదులుతుండగానే పడిపోయి చనిపోయింది. తొలి బిడ్డ నడిసముద్రంలో చనిపోయి పుట్టింది. రంగూన్‌లో పుట్టిన మగపిల్లాడు ఎనిమిది నెలలకే, 1816లో పోయాడు.

1824లో ఇంగ్లీషువాళ్ళకీ బర్మాకీ యుద్ధం వచ్చింది. తెల్లవాళ్ళంతా గూఢచారులేనని ఎడోనిరామ్‌ని ఆవా నగరంలో జైల్లో పెట్టారు. 1825 జనవరిలో యాన్‌కి కూతురు మరియా పుట్టింది. మనం బారసాలకి పేలాలూ పసుపుకుంకాలూ సర్దుకునే వేళకి, ఇరవై రోజుల పిల్లని ఎత్తుకుని తండ్రికి చూపించడానికి ఆ తల్లి జైలుకి వెళ్ళింది.

కొన్నాళ్ళకి ఖైదీల్ని ఔంగ్‌పెన్‌లా అనే పల్లెకి తరలించారు. మూడు నెలల బిడ్డతో, పెంచుకుంటున్న ఇద్దరు బర్మా పిల్లలతో పడవా బండీ మారి ఆమే వెనకాల వెళ్ళింది. జైలు కాపలాదారు తన ఇంట్లో సగం ధాన్యం నింపిన చిన్న గది ఇచ్చాడు. ఆరు నెలలు అదే ఇల్లు. పిల్లలకి మశూచి సోకింది. తర్వాత యాన్ మంచాన పడింది, పాలు ఎండిపోయాయి. డబ్బిస్తే పాలు దొరికే ఊరు కాదది. కాపలావాళ్ళకి లంచమిచ్చి భర్తని కాసేపు బయటికి పంపించమని వేడుకుంది. సంకెళ్ళతో ఆ తండ్రి బిడ్డని ఎత్తుకుని ఇల్లిల్లూ తిరిగితే, చంటిబిడ్డలున్న పల్లె తల్లులు మరియాకి పాలిచ్చారు. ఈ సంగతులన్నీ 1826లో మరిదికి రాసిన ఉత్తరంలో యాన్ స్వయంగా చెప్పుకుంది.

ఆ ఏడాది అక్టోబరులో, భర్త ఊళ్ళో లేనప్పుడు ఆమె పోయింది. ఆరు నెలలకి మరియా కూడా పోయింది. 1834లో బర్మా భాషలో బైబిలు అనువాదం పూర్తిచేశాడని ఎడోనిరామ్‌ని లోకం ఇప్పటికీ తలుచుకుంటుంది. న్యాయమే. యాన్‌కీ జీవితచరిత్రలు వచ్చాయి. పాలిచ్చిన ఆ తల్లుల పేర్లు మాత్రం ఎక్కడా లేవు. వాళ్ళ మతం వేరు, భాష వేరు. పైగా ఆ పిల్ల తండ్రి వాళ్ళ రాజుగారి ఖైదీ! అయినా ఒడిలోకి తీసుకున్నారు. బోధించడానికి వచ్చినవాళ్ళే అడుక్కోవలసిన రోజున, ఆ ఆడవాళ్ళు వాదన పెట్టుకోలేదు.

యాన్ ఓర్పుని మెచ్చుకుంటూ కూర్చుంటే మనం సగమే నేర్చుకున్నట్టు. 'తల్లి అన్నాక ఓర్చుకోవాలి' అనడం మనకి బాగా అలవాటు. ఓర్పు ఎంత ఉన్నా పాలు ఎండిపోతే బిడ్డ బతకదు. అప్పుడు కావలసింది పక్కింటి మనిషి.

ఈ రోజుల్లో మన ఆడపిల్లలెందరో అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో కంటున్నారు. అమ్మో అత్తగారో వెళ్ళి కొన్ని నెలలుండి వచ్చేస్తారు. ఆ తర్వాత అతను ఆఫీసుకి, తను నాలుగు గోడల మధ్య. ఫోన్లో సలహాలకి కొదవ లేదు. బిడ్డనో గంట ఎత్తుకునే చెయ్యే లేదు. మరి మన ఊళ్ళకే వచ్చినవాళ్ళో? ఒడిశా నుంచి ఇటుక బట్టీలకి వచ్చే తల్లుల చంకలోనూ పసివాళ్ళుంటారు. వాళ్ళకి మనదే పరాయి దేశం.

అందుకే, ఇక్కడైనా అక్కడైనా, అలాంటి బాలింత మీ వీధిలో ఉంటే ఊరూ పేరూ ఆరా తీయడం తర్వాత. ముందు ఇంత వేడన్నం తీసుకెళ్ళండి. బిడ్డని కాసేపు ఎత్తుకుని, ఆమెని పడుకోమనండి.