పోస్టరు ఎవరికోసం?

"డిజైన్ చదువుతాం" అని ఇంట్లో అంటే వచ్చే జవాబు ఇప్పుడు మారింది. మా అన్నయ్యల కాలంలో "బొమ్మలు కూడు పెడతాయా?" అనేవారట. ఇప్పుడు "అదంతా ఫోనే చేసిపెడుతోంది కదా, దానికి నాలుగేళ్ల కాలేజీ ఎందుకు?" అంటున్నారు. పదకొండో తరగతిలో ఉన్న మాకిది ఊరికే వాదించుకునే విషయం కాదు. వచ్చే ఏడాది ఈపాటికి ఏ ప్రవేశ పరీక్షకు దరఖాస్తు పెట్టాలో తేలిపోవాలి. మాలో ఇద్దరు ముగ్గురికి ఎన్ఐడీ మీద ఆశ ఉంది. అందుకని పెద్దవాళ్ల మాటను కొట్టిపారేయకుండా, అందులో ఎంత నిజముందో చూద్దామనుకున్నాం.

చాలానే ఉంది. 2010లో మొదలైన ఫైవర్ అనే సంస్థ పేరులోనే ఐదు డాలర్ల ధర ఉంది. లోగో కావాలన్నా కరపత్రం కావాలన్నా ప్రపంచంలో ఎక్కడో ఒకచోట ఆ ధరకు చేసిపెట్టేవాళ్లు దొరికారు. 2013లో ఆస్ట్రేలియాలో కాన్వా వచ్చింది. తయారుగా ఉన్న నమూనాలో పేరు, తేదీ మార్చుకుంటే చాలు, ఆహ్వానపత్రిక సిద్ధం. 2022 నుంచి ఆ శ్రమ కూడా లేదు. ఏం కావాలో మాటల్లో రాస్తే బొమ్మ వచ్చేస్తోంది. మా క్వార్టర్స్‌లో ఉండే నాలుగో తరగతి పాప స్వచ్ఛతా పఖ్వాడాకు అలాంటి పోస్టరే తెచ్చింది. రంగులు మా పోస్టర్లకన్నా బాగున్నాయి. కాదంటే అబద్ధమవుతుంది.

పైగా ఇలా జరగడం ఇదే మొదలు కాదు. ఈ ఊళ్లో పాత సందుల్లో నడిస్తే ఇప్పటికీ అక్కడక్కడ చేత్తో రాసిన కొట్టు బోర్డులు కనిపిస్తాయి. అక్షరానికి నీడ, నీడకు మరో రంగు, మూలన రాసినవారి సంతకం. ఫ్లెక్సు వచ్చాక వాళ్లకు పని తగ్గిపోయింది. సాయంత్రం ఇస్తే పొద్దుటికల్లా బ్యానరు చేతికొస్తుంది, చదరపు అడుగుల లెక్కన డబ్బు కట్టేస్తే సరి.

మన తెలుగువాళ్లకు ఇంకా దగ్గరి ఉదాహరణ పక్కనే చెన్నైలో ఉంది. తెలుగు సినిమాలు మద్రాసులో తయారైన రోజుల్లో వాటి పోస్టర్లూ అక్కడే తయారయ్యేవి. అప్పట్లో సినిమా పేరు ఏ ఫాంటులోంచీ వచ్చేది కాదు. ప్రతి సినిమాకూ అక్షరాలు చేత్తో కొత్తగా గీసేవారు. పౌరాణికానికి ఒక తీరు, కుటుంబ కథకు మరో తీరు. పాలకొల్లు నుంచి వెళ్లిన ఈశ్వర్ గారు 1967లో బాపు తీసిన 'సాక్షి'తో మొదలుపెట్టి, దశాబ్దాలపాటు ఎన్నో సినిమాలకు పోస్టర్లు చేశారు. కంప్యూటర్లు వచ్చాక ఆ పని తీరే మారిపోయింది. ఆయన 'సినిమా పోస్టర్' అనే పుస్తకం రాశారు, 2015 సంవత్సరానికి రఘుపతి వెంకయ్య పురస్కారం అందుకున్నారు, 2021లో కన్నుమూశారు. సినిమా పెద్దలకిచ్చే ఆ గౌరవం పోస్టర్లు గీసిన మనిషికి దక్కిందంటే మాకు ఎంతో సంతోషం. కానీ అలాంటి పనిమంతుడు మరొకరు తయారవాలంటే ఇప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలి? మా భయమంతా అక్కడే ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాం.

"యంత్రానికి తెలుగు రాదు కదా, మనకేం ఢోకా లేదు" అనేవాళ్లు మాలో ఉన్నారు. ఆ మాటకు కారణం లేకపోలేదు. ఉగాది కార్యక్రమానికి ఒక కొట్టులో బ్యానరు వేయిస్తే 'ఆహ్వానం' కాస్తా 'ఆహ్‌వానం' అయి వచ్చింది. వ వత్తు హ కిందికి వెళ్లనని పక్కనే నిలబడిపోయింది. కొట్టాయనకు తెలుగు రాదు, కంప్యూటరుకు పట్టదు. బొమ్మలు గీసే యంత్రాలైతే తెలుగులాగే కనిపిస్తూ ఏ అక్షరమూ కాని గీతలు గీసి చేతిలో పెట్టేవి. అయినా దీన్ని నమ్ముకోవడం తెలివైన పని కాదని మా అభిప్రాయం. ఇవాళ రాని వత్తు రేపు వస్తుంది.

అలా వచ్చిన రోజున కూడా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. యంత్రానికి అక్షరం వచ్చిందంటే, ఎవరో ఒకరు ముందు గీసి పెట్టారు కాబట్టే. పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ వంటి ఫాంట్లను ఇవాళ ఎవరైనా ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. రాయలవారి సభ మన కంప్యూటర్లో కొలువుదీరిందన్నమాట! ఒక్క తెలుగు ఫాంటుకు గుణింతాలు, వత్తులు అన్నీ కలిపి వందల రూపాలు గీయాలి. ఒక పెద్దమనిషి కూర్చుని అదంతా చేసినందువల్లే మన బ్యానరు పైసా ఖర్చు లేకుండా తయారవుతోంది.

సరే, గీయడం యంత్రానికి వచ్చేసిందనుకుందాం. మా ఉద్దేశంలో డిజైనరు పని గీయడానికి ముందే మొదలవుతుంది. ఇది చదివేదెవరు? ఎక్కడ నిలబడి చదువుతారు? అసలు చదవగలరా? ఈ ప్రశ్నలు బదిలీ ఉద్యోగుల పిల్లలకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవని కొంచెం గర్వంగానే అంటాం. మనలో చాలామందిమి మూడు నాలుగేళ్లకోసారి ఒక కొత్త లిపి ముందు చదువురానివాళ్లమై నిలబడ్డాం. బస్సు మీది పేరు చదవలేక నంబరు బట్టీపట్టాం. పుదుచ్చేరిలో సముద్రం వైపు వీధుల్లో నీలం బోర్డుల మీద పేర్లు ఫ్రెంచిలోనూ తమిళంలోనూ ఉంటాయి. పర్యాటకులు వాటి పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. కొత్తగా వచ్చిన మనకు తమిళం చదవరాదు, ఫ్రెంచి చదివినా పలకరాదు. 'రూ' అంటే వీధి అని ఎవరో చెప్పాలి. అంతదాకా మా చెల్లెలొకతి ఊరంతా రూపాయల లెక్కే రాసి ఉందనుకుంది.

ఇదే కేంద్రపాలిత ప్రాంతంలో గోదావరి ఒడ్డున ఉన్న యానాం మాత్రం మాట్లాడేది తెలుగు. అక్కడి పిల్లలు పై చదువులకు ఈ ఊరు వస్తారు. జిప్‌మర్‌కు ఆంధ్ర వైపు నుంచి కూడా రోగులు వస్తారు. నెల్లూరు పక్క పల్లె నుంచి వచ్చిన ఒక అవ్వను ఊహించుకోండి. ఎక్స్‌రే గది ఎటో తెలియాలి. బాణం గుర్తు యంత్రం క్షణంలో గీస్తుంది. కానీ చేతిలో చీటీ పట్టుకున్న ఆ అవ్వ తలెత్తి పైన బోర్డు చూడదు, ఎదురుగా వచ్చేవాళ్ల ముఖాలు చూస్తుంది. బాణం పైన ఉండాలా, నేల మీద ఉండాలా? ఏ భాష ముందుండాలి? ఆ వరండాలో ఒక పూట నిలబడి చూసినవాళ్లకే ఆ సంగతి తెలుస్తుంది.

మన దేశంలో దీనికి చక్కని ఉదాహరణ ఎన్నికల గుర్తులు. 1951 జనాభా లెక్కల ప్రకారం దేశంలో చదవడం వచ్చినవాళ్లు నూటికి 18 మందే. మొదటి సార్వత్రిక ఎన్నికల్లో అందరిచేతా ఓటు వేయించింది ఓటు పెట్టె మీద ఉన్న బొమ్మ. తర్వాతి కాలంలో ఎన్నికల సంఘంలో ఎం.ఎస్. సేథీ అనే డ్రాఫ్ట్స్‌మన్ ఉండేవారు. మన నాన్నగార్ల లాంటి ప్రభుత్వోద్యోగి. ఇళ్లలో అందరూ వాడే వస్తువులు ఏవో ఆలోచించి వాటిని పెన్సిలుతో గీసేవారు. 1992లో రిటైరయ్యారు. ఆ తర్వాత కూడా ఆయన గీతలు ఓటరు ముందుకు వస్తూనే ఉన్నాయి. ఆ బొమ్మల్లో అందం వెతికితే దొరకదు. ఏ పల్లెలో ఏ ముసలాయన చూసినా అది ఏ వస్తువో క్షణంలో తెలుస్తుంది, అంతే.

ఇక డబ్బు సంగతి. చౌక పని యంత్రంతోనే మొదలైందనుకుంటే పొరపాటు. 1971లో నైకీ గుర్తు గీసిన కరొలిన్ డేవిడ్సన్ అనే విద్యార్థినికి దక్కింది 35 డాలర్లు. కంపెనీ పెద్దదయ్యాక, 1983లో కొన్ని వాటాలిచ్చింది. మన రూపాయి గుర్తు కోసం ప్రభుత్వం పోటీ పెడితే 3 వేలకు పైగా నమూనాలు వచ్చాయి. తమిళనాడుకు చెందిన డి. ఉదయకుమార్ గీసినది 2010 జూలై 15న ఖాయమైంది. ఆయనకు రెండున్నర లక్షల బహుమతి. మిగతావాళ్లలో దాదాపు ఎవరి కష్టానికీ ఏమీ లేదు. పోటీ అంటే అంతే కదా అనవచ్చు. వడ్రంగులను మాత్రం "పది మంది పది కుర్చీలు చేసి తెండి, నచ్చినదానికే డబ్బిస్తాం" అని ఎవరూ అడగరు.

మా భయం దగ్గరికి వద్దామన్నాం. పెద్ద పనులు చేసే డిజైనర్లకు పని ఉంటుందనే అనుకుంటున్నాం. పోతున్నవి చిన్న పనులు: శుభలేఖలు, విజిటింగ్ కార్డులు, కొట్టు బోర్డులు, పుట్టినరోజు బ్యానర్లు. కొత్తగా చేరినవాళ్లు చేయి తిప్పుకున్నది వీటి మీదే. అక్షరం చిన్నదైతే కొట్టు యజమాని మొహం మీదే చెప్పేవాడు, కుర్రాడు మళ్లీ గీసేవాడు. ఆ మెట్లు తీసేసి నేరుగా మేడ మీద కూర్చోమంటే ఎవరైనా ఎలా ఎక్కుతారు?

అలాంటి చిన్న పనులు ఇంకా మిగిలిన చోటు మన బడి. హౌస్ బోర్డులు, వార్షికోత్సవం ఆహ్వానాలు, తరగతి గదుల పేర్లు, ఈ పత్రిక అట్ట కూడా. వీటిని తొందరలో ఫోనుకు అప్పజెప్పకండని ఉపాధ్యాయులను అడుగుతున్నాం. మేం ఫోనుకన్నా బాగా గీస్తామని కాదు, మేం గీసి సరిదిద్దుకోవడానికి ఇంకో చోటు లేదని. పోస్టర్ల పోటీలో బొమ్మతో పాటు అర పేజీ కూడా రాయించండి: ఇది ఎవరికోసం, ఎక్కడ అంటిస్తాం, వాళ్లు ఏ భాష చదువుతారు. ఫోనులో చేసినా సరే, ఆ అర పేజీ మాత్రం సొంతంగా రాయాలి. గీసినవారి పేరు మూలన చిన్నగా వేయండి, పాత కొట్టు బోర్డుల మీద ఉన్నట్టు.

మొదటి పని మేమే అడుగుతున్నాం. చిన్న తరగతుల గదులకూ, మంచినీళ్లకూ, మరుగుదొడ్లకూ దారి చూపే బోర్డులు మాకివ్వండి. బదిలీల కాలంలో ఏ రాష్ట్రం నుంచో వచ్చి ఒకటో తరగతిలో చేరిన పిల్లవాడిని గేటు దగ్గర వదిలి, వెనక నడుస్తాం. ఎక్కడ ఆగిపోతే అక్కడి బోర్డు మళ్లీ గీస్తాం.