ముట్లుడిగిన తర్వాత నిద్ర: పరిశోధన ఎవరి కోసం?

ముట్లుడిగే వయసులో నిద్రపట్టకపోవడాన్ని ఒక సమస్యగా గుర్తించడానికే వైద్యశాస్త్రానికి చాలా కాలం పట్టింది. అర్ధరాత్రి ఒళ్ళంతా సెగలెత్తి, చెమటతో తడిసి లేచి కూర్చునే స్త్రీకి ‘వయసు మీద పడింది, సర్దుకో’ అన్న సలహాయే దొరికేది. తర్వాత హార్మోన్లు వచ్చాయి. అమెరికాలోని విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ పరిశోధనలో రెండు హార్మోన్లు కలిపి వాడినవారిలో రొమ్ము క్యాన్సర్ పెరగడంతో 2002లో ఆ భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. దాంతో హార్మోన్లు లేని వైద్యం కోసం వెతుకులాట ఊపందుకుంది.

ఈస్ట్రోజెన్ తగ్గినప్పుడు మెదడులో శరీరపు వేడిని అదుపుచేసే నాడీకణాలు అతిగా స్పందించడమే సెగలకు ముఖ్య కారణమని తేలింది. ఆ సంకేతాలను అడ్డుకునే ఫెజోలినెటంట్‌ను 2023లో, ఎలింజానెటంట్‌ను 2025లో అమెరికా అనుమతించింది. రెండో మందుతో సెగలు తగ్గడమే కాక నిద్ర కూడా మెరుగుపడిందని 2024లో ప్రచురించారు. మొదటి మందుపై కాలేయం దెబ్బతినే ప్రమాదం గురించి 2024 డిసెంబరులో తీవ్ర హెచ్చరిక చేర్చారు.

ఈ పరిశోధనను ఆహ్వానిద్దాం. కానీ కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో నిలబడి చూస్తే వేరే ప్రశ్నలు ఎదురవుతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.3 శాతం, తెలంగాణలో 8.2 శాతం. ఈ జిల్లాల్లో నేను మాట్లాడిన స్త్రీలలో చాలామంది ఆ ఆపరేషన్లో అండాశయాలు కూడా తీశారో లేదో చెప్పలేకపోయారు. వాళ్ళకెవరూ చెప్పలేదు. రెండు అండాశయాలూ తీసేస్తే ముట్లుడగడం ఒక్కరోజులో జరిగిపోతుంది. చిన్న వయసులో అలా జరిగినవారికి, వేరే అడ్డంకి లేకపోతే, సహజంగా ముట్లుడిగే వయసు దాకా హార్మోన్లు ఇవ్వాలన్నదే సాధారణ వైద్య నియమం. హార్మోన్ లేని మాత్ర నిద్రనివ్వగలదేమో గానీ ఎముకలను కాపాడలేదు. కాబట్టి తన ఒంట్లోంచి ఏం తీశారో తెలుసుకునే హక్కే ఇక్కడ మొదటి వైద్యం.

మందుల పరీక్షలతో మనకున్న అనుభవం కూడా మరచిపోదగింది కాదు. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ గర్భనిరోధక ఇంజెక్షన్ పరీక్షకు వచ్చిన స్త్రీలకు అది ప్రయోగమని సరిగా చెప్పనేలేదు. స్త్రీశక్తి సంఘటన ప్రశ్నించింది. 1986లో ఆ పోరాటం సుప్రీంకోర్టుకెక్కింది. 2011లో పిడుగురాళ్ళ పేద స్త్రీలను క్యాన్సర్ మందు పరీక్షలకు హైదరాబాద్ తీసుకెళ్ళిన ఉదంతం బయటపడింది. 2017లో జమ్మికుంట ప్రాంత యువకులు డబ్బు కోసం ఇలాంటి పరీక్షలకు వెళ్తున్న సంగతి వెలుగుచూసింది. అలాగని పరిశోధనే వద్దంటే, మన శరీరాల గురించి శాస్త్రం మౌనంగానే ఉండిపోతుంది. మనం అడగాల్సింది గౌరవంగా జరిగే పరిశోధనను.

మందు ఒక్కటే దారి కాదు. ఫోను ద్వారా నిద్ర అలవాట్లను, ఆలోచనలను సరిదిద్దే శిక్షణ ముట్లుడిగే వయసు స్త్రీలకు బాగా పనిచేసిందని 2016లో అమెరికాలో తేలింది. అయితే వేళకు పడుకోవాలి, గది చల్లగా ఉండాలి అన్న సలహా, మే నెలలో రేకుల కింద రాత్రి దాకా బీడీలు చుట్టే స్త్రీకి ఎలా పనికొస్తుంది? ఆమె కూలి రేటు, ఇంటి పైకప్పు కూడా నిద్ర సమస్యలో భాగమే. అది తేల్చే పరిశోధన ఇక్కడే, తెలుగులో, గోండిలో, కొలామీలో జరగాలి.

కాబట్టి మన సంఘాలు కొన్ని విషయాలపై పట్టుబట్టాలి. గర్భసంచి ఆపరేషన్ చేసిన ప్రతి ఆస్పత్రీ ఏం తీసిందో అర్థమయ్యే భాషలో రాసివ్వాలి. అనవసరపు ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. అమలు సంగతి జిల్లా అధికారులను నిలదీయాలి. ఏ.ఎన్.ఎం., ఆశా కార్యకర్తలు ప్రసవాలతో పాటు నడివయసు స్త్రీల ఆరోగ్యాన్నీ పట్టించుకునేలా శిక్షణ ఇవ్వాలి. కొత్త మందుల పరీక్షలు మన జిల్లాలకు వస్తే, సంతకం పెట్టించుకునే ముందే సంఘాలకు తెలియజేయాలి.

బిడ్డలు కనే వయసు దాటాక కూడా స్త్రీ మనిషే. ఆమె నిద్ర కూడా లెక్కలోకి రావాలి.